అంచు కింద మీట

నారిన్‌లో మార్చి అంటే ఇంకా చలికాలమే.
పన్నెండు కంప్యూటర్లు లారీలో వచ్చాయి,
ఏదో జర్మన్ బీమా ఆఫీసు వాడి వదిలేసినవి.
కీబోర్డు సందుల్లో వాళ్ల రొట్టె పొడి ఇంకా ఉంది.
లెక్కల టీచర్ని కాబట్టి
గది తాళంచెవి నా చేతిలో పెట్టారు.
లెక్కలు వచ్చినవాళ్లకి అన్నీ వస్తాయని
హెడ్మాస్టరు తోలోగోన్ నమ్మకం.

పెన్‌డ్రైవులు రెండే. గుచ్చుతూ, పీకుతూ వచ్చాను.
లినక్స్ ఉచితం,
ఓపిక మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి.
పదకొండు మొదటిసారికే బొమ్మ చూపించాయి:
నీలం తెర, భాషల వరస, ప్రపంచపటం.
పటంలో మా ఊరు లేదు. బిష్కెక్ ఉంది.
సర్దుకున్నాం.

పన్నెండోది
ఫ్యాను తిప్పింది, దీపం వెలిగించింది,
అక్షరాలు గబగబా పైకి పాకాయి,
సరిగ్గా బొమ్మ రావాల్సిన చోట
కళ్లు మూసుకుంది.

చచ్చిపోలేదు.
క్యాప్స్‌లాక్ నొక్కితే పచ్చదీపం పలుకుతోంది.
లోపల మనిషి ఉన్నాడు,
గొళ్ళెం బిగుసుకుందంతే.

బిష్కెక్‌లో మా తమ్ముడి స్నేహితుడికి ఫోన్ చేశాను.
"గ్రాఫిక్స్ కార్డు పాతది. డ్రైవరు కొత్తది.
ఒకరి యాస ఒకరికి అందడం లేదు" అన్నాడు.
మొదటి మెనూలో ఆగాలట,
లినక్స్ అని మొదలయ్యే వరస చివరికి పోవాలట,
ఒక ఖాళీ వదిలి
నోమోడ్‌సెట్ అని కొట్టాలట.
తొమ్మిది అక్షరాలు. రెండుసార్లు తప్పు కొట్టాను.
"దానర్థం ఏమిటి?"
"తెర కొలతల జోలికి పోకు,
ఉన్నదాంతో గడుపుకో అని."
ఆ మాట మా ఊళ్లో ఎవరికీ కొత్త కాదు.

బొమ్మ వచ్చింది.
ముతకగా, లావుగా, తెరలో పట్టనంత.
కింది భాగం అంచు దాటి ఎక్కడికో జారిపోయింది.
'ముందుకు' అనే మీట ఆ జారిపోయిన చోటే ఉంది.
బాణాన్ని ఎంత కిందికి లాగినా
గట్టు దాకా వచ్చి ఆగుతుంది.

పొయ్యిలో బొగ్గు వేస్తున్న కాల్‌బుబు
"దానికి చలేస్తోందేమో" అంది.
నేనేమీ అనలేదు. నాకూ వేస్తోంది.

అప్పుడు బెగాయిమ్,
ఎనిమిదో తరగతి, హాజరు పిలిస్తే తప్ప నోరు విప్పని పిల్ల,
పదకొండోదాని ముందు కూర్చుంది.
అది భాష అడుగుతూ ఇంకా మొదటి పేజీలోనే ఉంది.
"టీచర్, నేను ఇక్కడ నొక్కి చూసి చెప్తా.
మీరు అక్కడ నొక్కండి."

ట్యాబ్. ట్యాబ్. ట్యాబ్. ఎంటర్.
నా తెర మీద పేజీ మారింది!
మీట కనబడలేదు, పని మాత్రం చేసింది.
గది అవతలి నుంచి ఆ పిల్ల గొంతు,
ఇవతల నా వేలు,
మధ్యలో తొమ్మిది బల్లలు.

డిస్కు పేజీ వచ్చింది.
అసలు ప్రశ్న అంచు కింద:
మొత్తం చెరిపేయనా, పక్కన సర్దుకోనా?
"నాలుగు ట్యాబులు, టీచర్. స్పేస్. ఆగండి.
ఇక్కడ గుండ్రం నల్లబడింది.
మీ దగ్గర కూడా అయ్యుండాలి."

అయ్యుండాలి.
పంతొమ్మిదేళ్లుగా ఆ మాట రాసిన ప్రతి జవాబుకీ
మార్కులు కోశాను.
ఎంటర్ నొక్కాను.

నలభై నిమిషాలు పట్టింది. టీ రెండుసార్లు చల్లారింది.
మళ్లీ మొదలవగానే మళ్లీ చీకటి,
మళ్లీ ఆ తొమ్మిది అక్షరాలు.
ఈసారి వాటిని ఫైల్లో రాసి దాచడం
బెగాయిమే కనిపెట్టింది, ఎలాగో నేనడగలేదు.

బొమ్మ ఇప్పటికీ ముతకే.
కిటికీలు ఇప్పటికీ అంచు దాటుతాయి.
తెర కింద టేపుతో అంటించిన కాగితం మీద
ఆ పిల్ల చేతిరాత:
"దాచుకో: రెండు ట్యాబులు. మూసెయ్: ఐదు.
చూసుకోకుండా నొక్కొద్దు. లెక్కపెట్టి నొక్కు."

సోమవారం పొద్దున తాళం తీసేసరికి
పదకొండు కుర్చీలు ఖాళీ,
పన్నెండోదాని దగ్గర తోపులాట.